అట్ట ఇల్లు, వినైల్ దేహం: మిడ్ సెంచరీ మోడర్న్ చిత్రాల్లో ఫ్యాషన్ బొమ్మ

మాటెల్ కంపెనీ 1962లో బార్బీ బొమ్మ కోసం విడుదల చేసిన తొలి డ్రీమ్‌హౌస్‌ను పూర్తిగా అట్టతోనే తయారుచేశారు. పెట్టెలా మడిచి చేత్తో పట్టుకుపోవడానికి వీలైన ఆ ఇంట్లో ఉన్నది ఒకే గది. అందులో ఒంటి మంచం, తక్కువ ఎత్తులో సన్నగా నిలిచిన సామాను, టీవీ కూడా ఇమిడిన పాటల పెట్టె, గోడ మీద కాలేజీ జెండాలు, బార్బీకి జతగా చేసిన మగ బొమ్మ కెన్ ఫొటో ఉన్నాయి గానీ వంటగది మాత్రం లేదు. ఆ అట్ట గదిని అదే కాలపు కాలిఫోర్నియా ఆధునిక గృహాల ఫొటోల పక్కన పెట్టి చూస్తే, ఒకటి బొమ్మది, మరొకటి మనుషులది అన్న తేడా కొలతలో కనిపించినంతగా రూపంలో కనిపించదు. మిడ్ సెంచరీ మోడర్న్ అని పిలిచే 1945–1965 నాటి డిజైన్‌ను, అదే కాలపు ఫ్యాషన్ బొమ్మలను తమ వస్తువుగా తీసుకున్న చిత్రకారులు పని మొదలుపెట్టేది ఈ పోలిక నుంచే.

ఇలాంటి చిత్రాలను పాత రోజుల మీద బెంగ అని కొట్టిపారేయడం తేలిక. చాలా చిత్రాల విషయంలో అది న్యాయమే కూడా: ఒక ఈత కొలను, ఒక తాటి చెట్టు, గుండ్రటి కుర్చీ, గుర్రపు తోక జడతో ఒక బొమ్మ చేరితే చాలు, గోడకు తగిలించుకోదగిన అలంకారం సిద్ధమవుతుంది. కానీ ఈ ధోరణిలోని మంచి చిత్రాలు చేసే పని వేరు. ఆ కాలంలో మనుషులు ఎలా బతికారన్నది వాటికి ముఖ్యం కాదు. ఆ కాలం తనను తాను ఎలా ప్రదర్శించుకుందన్నదే వాటి విషయం. నాటి ఇల్లూ, నాటి బొమ్మా రెండూ వాడకం కంటే ముందు చూపించడానికి తయారైనవని గ్రహించిన చిత్రకారుడి కాన్వాసుకూ, వాటిని నిజమైన గతంగా పొరబడిన చిత్రకారుడి కాన్వాసుకూ మధ్య తేడా ఒక కుర్చీ మూలలోనో, ఒక మోకాలి దగ్గరో బయటపడుతుంది.

ఈ రెండింటి పుట్టుక ఒకే నేల మీద జరిగింది. రూత్, ఎలియట్ హాండ్లర్ దంపతులు హెరాల్డ్ మ్యాట్సన్‌తో కలిసి 1945లో దక్షిణ కాలిఫోర్నియాలో మాటెల్‌ను స్థాపించినప్పుడు, ఆ కంపెనీ తొలి సరుకు బొమ్మలు కావు, పటాలకు వాడే ఫ్రేములు. ఫ్రేములు కోయగా మిగిలిన తుక్కు ముక్కలతో ఎలియట్ బొమ్మల ఇంటి సామాను చేయడం మొదలుపెట్టాడు. ప్లెక్సిగ్లాస్ వంటి కొత్త ప్లాస్టిక్‌ల మీద అతనికి ముందు నుంచే మోజు. అదే ప్రాంతంలో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు యుద్ధకాలంలో అమెరికా నౌకాదళానికి విరిగిన కాళ్లకు కట్టే ప్లైవుడ్ బద్దలు తయారుచేశారు. చెక్క పొరలను వేడితో, ఒత్తిడితో వంచే ఆ పనితనమే 1946 నాటికి కుర్చీలుగా మారింది. 1950లో వచ్చిన వారి ఫైబర్‌గ్లాస్ కుర్చీలకు ముడిసరుకు యుద్ధ విమానాల పరిశ్రమ నుంచి వచ్చింది. బార్బీని ఉత్పత్తి దశకు తెచ్చిన ఇంజనీరు జాక్ ర్యాన్ అంతకు ముందు రేథియన్ సంస్థలో క్షిపణుల మీద పనిచేశాడు. యుద్ధం ముగిశాక ఖాళీ పడిన యంత్రాలు, ప్లాస్టిక్‌లు, ఇంజనీర్లు ఇళ్లలోకి దారి చూసుకున్న కాలం అది; కుర్చీ, బొమ్మ రెండూ ఆ దారిలోనే వచ్చాయి.

బొమ్మ రూపం మాత్రం ఐరోపాది. జర్మనీలోని బిల్డ్ పత్రికలో 1952లో మొదలైన ఒక కార్టూన్ పాత్ర లిల్లీ 1955 నుంచి బొమ్మగా అమ్ముడైంది. దాన్ని రూత్ హాండ్లర్ 1956లో స్విట్జర్లాండ్ పర్యటనలో చూసి కొన్నది. బార్బీ 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో మార్కెట్‌కు పరిచయమైంది. ఎత్తు పదకొండున్నర అంగుళాలు, ధర 3 డాలర్లు, ఒంటి మీద నలుపు తెలుపు చారల ఈత దుస్తు, తయారీ జపాన్‌లో. తొలి దుస్తుల శ్రేణిని రూపొందించిన షార్లెట్ జాన్సన్ జపాన్‌లో ఉండి, చిటికెన వేలి గోరంత బొత్తాలు, పనిచేసే బుల్లి జిప్పులు, లోపలి అస్తరుతో సహా అక్కడి కుట్టుపనివాళ్ల చేత చేయించింది. పారిస్ కుట్టు సంస్థల దుస్తుల శ్రేణులు వాటికి నమూనాలు.

పారిస్ ప్రస్తావన అనుకోకుండా వచ్చినది కాదు. దుస్తుల నమూనాలను బొమ్మలకు తొడిగి దేశదేశాల రాజాస్థానాలకు పంపే పద్ధతి ఫ్రాన్స్‌లో శతాబ్దాల నాటిది. 1945 మార్చిలో, యుద్ధం ఇంకా ముగియక ముందే, గుడ్డ కరువులో ఉన్న పారిస్ దర్జీ సంస్థలు మూడో వంతు కొలత గల తీగ బొమ్మలకు కొత్త దుస్తులు తొడిగి లూవ్ర్ భవనంలో ప్రదర్శించాయి. వాటి వెనుక తెరలు, వీధి దృశ్యాలు గీసి, కట్టినవాళ్లు పేరున్న కళాకారులు. ఆ బొమ్మలు ఇప్పుడు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మేరీహిల్ మ్యూజియంలో ఉన్నాయి. ఫ్యాషన్ బొమ్మ చుట్టూ చిత్రకారుడు ఒక గదిని గీయడం కొత్త ఆలోచన కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. మారినదల్లా ఆ గది కాలిఫోర్నియా గాజు ఇల్లు కావడం.

ఆ గాజు ఇళ్లు కూడా ప్రదర్శన వస్తువులే. ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్ పత్రిక సంపాదకుడు జాన్ ఎంటెన్జా 1945లో ప్రారంభించిన కేస్ స్టడీ హౌసెస్ అనే నమూనా ఇళ్ల కార్యక్రమం 1966 వరకు నడిచింది. అందులో కట్టిన ఇళ్లలో కొన్నింటిని సామానుతో సహా అమర్చి ప్రజల సందర్శనకు తెరిచిపెట్టేవారు. ఎక్కువమంది మనసుల్లో నిలిచింది మాత్రం ఇళ్లకంటే వాటి ఫొటోలు. వాస్తుశిల్పి పియర్ కోనిగ్ ఆ కార్యక్రమం కింద రూపొందించిన 22వ నంబరు ఇంటిని ఫొటోగ్రాఫర్ జూలియస్ షుల్మన్ 1960లో రాత్రిపూట తీసిన ఫొటోలో, కొండ అంచు నుంచి గాలిలోకి చొచ్చుకొచ్చిన గాజు గదిలో ఇద్దరు యువతులు లేత రంగు గౌనుల్లో కూర్చుని ఉంటారు. కింద లాస్ ఏంజెలెస్ దీపాలు గీతలుగా సాగిపోతాయి. నగరపు దీపాల కోసం కొన్ని నిమిషాలు లెన్సు తెరిచి ఉంచి, ఆ తర్వాత గదిలో ఫ్లాష్ వెలిగించి మనుషులను పట్టుకున్న ఫొటో అది. ఆ యువతులు ఆ ఇంటివాళ్లు కారు. ఫొటో కోసం వచ్చి కూర్చున్నవాళ్లు. వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలి, గౌను అంచు ఎలా పరుచుకోవాలి అన్నది ఇంటి గీతలను బట్టి నిర్ణయమైంది. బొమ్మను బొమ్మల ఇంట్లో అమర్చడానికీ దీనికీ తేడా చెప్పడం కష్టం. ఇప్పటి చిత్రకారుల్లో చాలామంది ఆ ఇళ్లకు వెళ్లి గీసినా, వాళ్ల కళ్ల ముందు ఆడేది షుల్మన్ కోణమే.

ఈ విషయాన్ని బొమ్మ ఊసే లేకుండా అందరికంటే ముందు, అందరికంటే బాగా చెప్పిన చిత్రం డేవిడ్ హాక్నీ 1966–67లో గీసిన 'బెవర్లీ హిల్స్ హౌస్‌వైఫ్'. ఇంగ్లండ్ నుంచి కాలిఫోర్నియాకు వచ్చిన హాక్నీ, కళాపోషకురాలు బెట్టీ ఫ్రీమన్ ఇంటికి ఈత కొలను గీయడానికి వెళ్లి, చివరికి ఆమెనే గీశాడు. రెండు కాన్వాసులు కలిపిన పన్నెండు అడుగుల వెడల్పులో, గాజు తలుపుల ముందు, పొడవాటి గులాబీ రంగు దుస్తుల్లో ఆమె నిటారుగా నిలుచుని ఉంటుంది. ఒక పక్క జీబ్రా చారల తోలు పరిచిన, వాస్తుశిల్పి లె కార్బూజియే పేరుతో ప్రసిద్ధమైన వాలు కుర్చీ. గోడ మీద కొమ్ముల జంతువు తల. ఆరుబయట ఒక శిల్పం. చిత్రంలో దేనికీ బరువు ఉన్నట్టు అనిపించదు. నీడలు కూడా కత్తిరించి అతికించినట్టు ఉంటాయి. ఆమె ఆ ఇంటి యజమానురాలు. అయినా ఆ నిలువు గీతల మధ్య కుర్చీ, శిల్పం, జంతువు తల వరసలో మరొక ప్రదర్శన వస్తువుగా నిలబడుతుంది. బయటి జీవితంలో ఫ్రీమన్ ఆధునిక సంగీతానికి పెద్ద పోషకురాలు అన్న సంగతి ఈ చిత్రం ఎక్కడా బయటపెట్టదు. పెట్టకపోవడమే దాని పదును. 2009లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో అది 79 లక్షల డాలర్లు పలికింది.

హాక్నీ ఆ చిత్రానికీ, అదే కాలంలో గీసిన 'ఎ బిగ్గర్ స్ప్లాష్'కూ వాడిన అక్రిలిక్ రంగుకు కూడా ఈ కథలో పాత్ర ఉంది. అక్రిలిక్ చిత్రలేఖనంలోకి వచ్చింది 1940ల చివర. నీటితో కలిపే రకం మార్కెట్‌లోకి వచ్చింది 1950ల నడిమిలో. అంటే ఆ రంగు కూడా ఆ కుర్చీలకూ బొమ్మలకూ సమవయస్కురాలే. ఎలియట్ హాండ్లర్ మోజుపడిన ప్లెక్సిగ్లాస్ కూడా అదే రసాయన కుటుంబానిది. తైలవర్ణం నెమ్మదిగా ఆరుతుంది, ఒక రంగును ఇంకో రంగులోకి కరిగించనిస్తుంది, చర్మం కింద రక్తం ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. అక్రిలిక్ త్వరగా ఆరి, కుంచె గుర్తు మిగలకుండా సమతలంగా పరుచుకుంటుంది. ప్లాస్టిక్ దేహాన్ని ప్లాస్టిక్ రంగుతో గీయడంలో ఉన్న ఒద్దికను ఈ ధోరణిలోని చిత్రకారులు కొందరు బాగా వాడుకున్నారు.

వారిలో ముందు చెప్పుకోవలసినవాడు షాగ్ అనే పేరుతో గీసే జాష్ ఏగల్. 1962లో కాలిఫోర్నియాలో పుట్టిన ఇతని చిత్రాల్లో కాక్‌టెయిల్ విందులు, పసిఫిక్ దీవుల శైలిలోని టికి విగ్రహాలు, ఈమ్స్ తరహా కుర్చీలు, పామ్ స్ప్రింగ్స్ ఎడారి ఇళ్లు కనిపిస్తాయి. ఇతను బొమ్మలను గీయడు. మనుషులనే బొమ్మల్లా గీస్తాడు. కోసుగా తేలిన ముక్కులు, మంచు కడ్డీల్లాంటి కాళ్లు, ఆకుపచ్చ, నీలం, నారింజ వంటి ఏకవర్ణపు ఒళ్లు. మనిషి రంగును సోఫా రంగుతో జత కలిపి నిర్ణయించే ఆ పద్ధతి చూడటానికి హాస్యంగా ఉన్నా, గృహాలంకరణ పత్రికల తర్కాన్ని చివరిదాకా లాగితే తేలేది అదే. అతని చిత్రాలు అలంకారప్రాయమన్న విమర్శ ఉంది. అది నిజమే గానీ, వాటి విషయమే అలంకారం కాబట్టి ఆ విమర్శ తగలవలసినంత గట్టిగా తగలదు. దీనికి అటు చివర డానీ హెల్లర్ వంటివారున్నారు: తైలవర్ణాల్లో, ఫొటోకు దగ్గరైన కచ్చితత్వంతో, ఎండలో తళతళలాడే గోడలను, వాకిట నిలిచిన పాత కార్లను గీస్తారు, మనుషులు మాత్రం దాదాపు కనిపించరు. ఇల్లు పూర్తిగా అమర్చి ఉంటుంది, ఎవరూ ఉండరు. పెట్టె విప్పి, బొమ్మను ఇంకా బయటికి తీయని స్థితి అది.

బొమ్మను నేరుగా చిత్రంలోకి తెచ్చినప్పుడు మొదలయ్యే చిక్కులు వేరు. వాటిలో మొదటిది శరీర నిర్మాణానికి సంబంధించినది. 1959 నాటి బార్బీకి మోకాలు వంగదు; చేతులు భుజం దగ్గర, కాళ్లు తుంటి దగ్గర మాత్రమే తిరుగుతాయి. వంగే కాళ్లు వచ్చింది 1965లో. కాబట్టి తొలి బొమ్మను కుర్చీలో కూర్చోబెడితే కాళ్లు రెండూ కర్రల్లా ముందుకు చాచుకుని ఉంటాయి. మడమలెత్తిన పాదాల వల్ల అది సొంతంగా నిలబడలేదు కూడా. మొదటి విడత బొమ్మల అరికాళ్లలో రంధ్రాలు చేసి, లోహపు గొట్టాలు దిగేసి, స్టాండు మీది ముళ్లకు గుచ్చి నిలబెట్టేవారు. డిజైనర్ ఆర్నే జేకబ్సన్ 1958లో రూపొందించిన ఎగ్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఒయ్యారంగా ఒరిగిన 'తొలి బార్బీ' ఏ చిత్రంలోనైనా కనిపిస్తే, ఆ చిత్రకారుడు బొమ్మ ముఖం తగిలించిన ఒక స్త్రీని గీశాడన్నమాట. దీన్ని వివరంలో తప్పుగా మాత్రమే చూడకూడదు. ఒంటరిగా నిలవలేని, కూర్చోలేని దేహం, విశ్రాంతి కోసమే కనిపెట్టిన కుర్చీ పక్కన ఉండటంలో ఒక వైరుధ్యం ఉంది. మోకాలు వంచిన మరుక్షణం ఆ వైరుధ్యం పోయి, మిగిలేది ఫ్యాషన్ ప్రకటన.

రెండో చిక్కు కొలత. బార్బీ మనిషిలో ఇంచుమించు ఆరో వంతు. కానీ గుడ్డ దారం ఆరో వంతుకు తగ్గదు. అందువల్ల బొమ్మ దుస్తులకు ఉన్న అంచు మడత, నిజమైన గౌనుకు తాడు కుట్టినంత మందంగా కనిపిస్తుంది. పట్టు బట్ట జాలువారదు, పొడుచుకుని నిలబడుతుంది. జుట్టు పోగు చేపలు పట్టే దారంలా తెలుస్తుంది. ఇవన్నీ దగ్గరగా చూసి గీసినప్పుడు, కాన్వాసు నిలువెత్తు ఉన్నా ఆ దేహం చిన్నదని చూపరికి అర్థమవుతుంది. 1970ల చివర్లో ఫొటోగ్రాఫర్ లారీ సిమన్స్ బొమ్మల ఇళ్లలో గృహిణి బొమ్మలను పెట్టి తీసిన ఫొటోలు ఈ పాఠాన్ని బాగా నేర్పాయి: ఆమె ఫొటోల్లో వెలుతురు ఇంటి వెలుతురులాగే ఉంటుంది, కానీ నేల మీది గీతలు, బొమ్మ పక్కన వస్తువుల కొలత సరిపడక, చూసేవారు నిమిషానికోసారి కొలత మార్చుకోవలసి వస్తుంది. ఫొటోలో ఆ పని లెన్సు చేస్తుంది. చిత్రకారుడైతే ప్రతి అంగుళంలోనూ తానే నిర్ణయించుకోవాలి: ఈ కుర్చీ బొమ్మ కొలతలో చేసిన నమూనానా, అసలు కుర్చీనా? ఆ ప్రశ్నకు జవాబు తేల్చకుండా రెండింటినీ కలిపేసిన చిత్రాల్లో నేల, గోడ ఒకదానికొకటి అంటకుండా తేలిపోతూ ఉంటాయి.

మూడోది చూపు. 1959 నుంచి 1970 వరకు బార్బీ కళ్లు పక్కకు చూసేవి. సూటిగా ముందుకు చూసే కళ్లు 1971లో మాలిబు బార్బీతో వచ్చాయి. తొలి బొమ్మల కనుపాపల చుట్టూ రంగు లేదు, తెలుపే. కనుబొమలు కోసుగా వంపు తిరిగి ఉండేవి. నీలి కళ్లు 1960లో చేరాయి. పక్కచూపు బొమ్మను గీసినప్పుడు చిత్రంలో ఎవరూ చూపరిని చూడరు, బొమ్మ ఎప్పుడూ చట్రం బయట ఉన్న ఇంకెవరి కోసమో నిలబడినట్టు ఉంటుంది. రూపచిత్రం గీయడానికి అలవాటుపడినవారు కళ్లను కొద్దిగా ముందుకు తిప్పేసి, ముఖానికి 'జీవం' పోస్తారు. ఆ జీవం వల్ల చిత్రానికి జరిగే నష్టమే ఎక్కువ.

ఆకృతుల విషయానికి వస్తే, నాటి ఇల్లూ నాటి దుస్తులూ ఒకే మాట మాట్లాడలేదన్నది తరచు మరుగున పడే సంగతి. పారిస్ దుస్తుల రూపకర్త క్రిస్టియన్ డియోర్ 1947లో తెచ్చిన న్యూ లుక్ అనే శైలి నడుమును బిగించి, గజాల కొద్దీ గుడ్డను పావడాలో పోసి, స్త్రీ రూపాన్ని పందొమ్మిదో శతాబ్దం వైపు వెనక్కి తిప్పింది. ఇల్లేమో సన్నని ఉక్కు కంభాలు, చదునైన పైకప్పుతో అనవసరమైనదంతా వదిలించుకుంటూ ముందుకు నడిచింది. తొలి బార్బీ దుస్తులు మొదటి దారివి, ఆమె ఇల్లు రెండో దారిది. ఇందులో ఒక చక్కటి మినహాయింపు డిజైనర్ ఏరో సారినెన్ టూలిప్ కుర్చీ. నాలుగు కాళ్ల గందరగోళాన్ని తీసేసి, ఒకే కాడ మీద విచ్చుకున్న ఆ 1957 రూపకల్పన, సన్నని నడుము కింద విప్పారిన గౌనును తలకిందులు చేసినట్టు ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి గీసినప్పుడు వచ్చే రూపసామ్యం, వంద వస్తువులను పోగేసినా రాదు.

రంగుల దగ్గర పొరపాట్లు మరీ ఎక్కువ. బార్బీ అంటే గులాబీ రంగు అన్న భావన తర్వాతి దశాబ్దాల వ్యాపార నిర్ణయం. తొలి బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది, 1962 అట్ట ఇంట్లోనూ గులాబీ పెత్తనం లేదు. 1960 నాటి గదిలో కళ్లు మిరుమిట్లు గొలిపే గులాబీ సోఫా గీయడం, తర్వాతి కాలపు దుకాణం అరను వెనక్కి మోసుకుపోవడమే. ఇంకో కారణం మరింత సూక్ష్మమైనది: నాటి రంగుల ఫొటోలు చాలావాటిలో నీలాకుపచ్చ ఛాయనిచ్చే రసాయనం అన్నింటికంటే ముందు వెలిసిపోయి, ఫొటో మొత్తం ఎర్రగా, గులాబీగా తేలింది. ఆ వెలిసిన ఫొటోలను చూసి గీసేవారు ఫొటో ముసలితనాన్ని ఆ కాలపు రంగుగా నమ్ముతారు. తెలిసి గీస్తే అది మంచి విషయమే. తెలియక గీస్తే మాత్రం చూపరికి రెండు తరాల దూరం నుంచి వచ్చిన అపోహ చేరుతుంది.

ఆండీ వార్హోల్ 1980ల నడిమిలో గీసిన బార్బీని ఇక్కడ క్లుప్తంగా ప్రస్తావించాలి. నగల రూపకర్త, పాత బార్బీల సేకర్త అయిన బిల్లీబాయ్ తన రూపచిత్రం గీయనివ్వక, బార్బీనే గీయమని సూచించాడు. అందుకే ఆ చిత్రం ఒక మనిషి పేరుతో ఉన్న బొమ్మ ముఖం. బిల్లీబాయ్ దగ్గరున్న చిత్రప్రతి 2014లో లండన్ వేలంలో పది లక్షల డాలర్లు దాటింది. బొమ్మ చుట్టూ గది లేదు, కుర్చీ లేదు, కాలం కూడా లేదు. మార్లిన్ మన్రోను అచ్చువేసినట్టే బార్బీనీ అచ్చువేశాడు. ప్రసిద్ధి గురించి అది గొప్ప చిత్రం కావచ్చు, బొమ్మ గురించి మాత్రం అది చెప్పేది తక్కువే.

ఈ ధోరణి వదిలేసిన మనుషుల సంగతి కూడా చిత్రాల నాణ్యతకు సంబంధించినదే. యుద్ధానంతర అమెరికా శివారు కాలనీల్లో చాలా చోట్ల నల్లవారికి ఇళ్లు అమ్మేవారు కాదు. ఆధునిక ఇళ్లను వేల సంఖ్యలో కట్టిన జోసెఫ్ ఐక్లర్ జాతి చూడకుండా అమ్మి, వివక్ష విధానం మీద 1958లో బిల్డర్ల జాతీయ సంఘం నుంచి తప్పుకోవడం చెప్పుకోదగ్గ మినహాయింపు. మాటెల్ శ్రేణిలోకి క్రిస్టీ అనే నల్ల బొమ్మ 1968లో వచ్చింది. బార్బీ అన్న పేరుతోనే నల్ల బొమ్మ రావడానికి 1980 దాకా ఆగవలసి వచ్చింది. నాటి ప్రకటనలను యథాతథంగా నకలు చేసే చిత్రాలు ఆ వడపోతను కూడా నకలు చేస్తాయి. చిత్రకారుడు కెర్రీ జేమ్స్ మార్షల్ 1997లో గీసిన 'పాస్ట్ టైమ్స్'లో నల్లవారు పచ్చిక మీద విందుకు కూర్చుని, వెనుక నీటి మీద పడవ షికారు సాగుతుంటే నేరుగా చూపరి వైపు చూస్తారు. అది బొమ్మల చిత్రం కాదు, మిడ్ సెంచరీ గదీ కాదు. కానీ తెల్లవారికే కేటాయించిన విశ్రాంతి దృశ్యంలోకి ఎవరు అడుగుపెట్టవచ్చో అడగడానికి ఒక్క చూపు ఎంత చాలో అందులో తెలుస్తుంది.

భారతదేశంతో ఈ కథకు ఉన్న ముడి సన్నదే అయినా నిజమైనది. ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వ ఆహ్వానం మీద వచ్చి 1958లో ఇచ్చిన నివేదిక, 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పాటుకు దారితీసింది. అందులో వాళ్లు అన్నింటికంటే ఎక్కువ మెచ్చుకున్న వస్తువు చెంబు. వాళ్ల మిత్రుడు, హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ కంపెనీకి బట్టలు రూపొందించిన అలెగ్జాండర్ జిరార్డ్ 1955లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో భారతీయ వస్త్రాల ప్రదర్శనను అమర్చినవాడు. ప్రపంచమంతటా సేకరించిన లక్షకు పైగా జానపద వస్తువులను అతను 1978లో శాంటా ఫేలోని మ్యూజియానికి ఇచ్చాడు. అక్కడ మట్టి, కొయ్య, గుడ్డ బొమ్మలను ఊళ్లుగా, సంతలుగా, ఊరేగింపులుగా అతను పేర్చిన తీరు సంక్రాంతి బొమ్మల కొలువు ఎరిగిన కంటికి వెంటనే అర్థమవుతుంది. ఆధునిక డిజైన్ బొమ్మను తన గదిలోకి ఎప్పుడూ రానిచ్చిందనీ, కానీ అది చేతితో చేసిన బొమ్మ కావాలని కోరుకుందనీ జిరార్డ్ సేకరణ చూపుతుంది. కర్మాగారం బొమ్మ ఆ గదిలోకి వచ్చింది డిజైనర్ల వల్ల కాదు, తర్వాతి చిత్రకారుల వల్ల.

ఇలా గీయడానికి అనుమతి ఉందా అన్న ప్రశ్న కోర్టులకు కూడా ఎక్కింది. ఫొటోగ్రాఫర్ టామ్ ఫోర్సైత్ పాతకాలపు మిక్సీలు, ఓవెన్లు, కాక్‌టెయిల్ గ్లాసుల్లో నగ్న బార్బీలను పెట్టి తీసిన వరుస మీద మాటెల్ 1999లో దావా వేసింది. పరిహాసం, వ్యాఖ్యానం కోసం బొమ్మను చూపించడం న్యాయమైన వినియోగమేనని, అంటే హక్కుదారు అనుమతి లేకుండానే చట్టం ఒప్పుకునే వాడకమేనని, అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2003లో తీర్పు ఇచ్చింది; ఆ తర్వాత ఫోర్సైత్ పక్షానికి 18 లక్షల డాలర్లకు పైగా న్యాయ ఖర్చులు చెల్లించాలని మాటెల్‌ను ఆదేశించారు. చిత్రకారులకు ఈ తీర్పు కొంత ధైర్యాన్ని ఇచ్చింది. కానీ దాని రక్షణ వ్యాఖ్యానానికే గట్టిగా వర్తిస్తుందన్నది గమనించాలి. బొమ్మ గురించి ఏమీ చెప్పకుండా, దాని ఆకర్షణను అరువు తెచ్చుకుని ముద్రణ ప్రతులు అమ్ముకునే చిత్రం కళగానే కాదు, చట్టం ముందు కూడా బలహీనమైన చోట నిలుస్తుంది.

ఇక మిగిలింది వయసు. తొలి బొమ్మలను చేసిన వినైల్ అనే ప్లాస్టిక్ దశాబ్దాల్లో మొదటి గోధుమ ఛాయ పోగొట్టుకుని దంతపు తెలుపుకు తిరిగింది. చెవి పోగుల లోహం వినైల్‌తో చర్య జరిపి చెంపల మీద ఆకుపచ్చ మరక పెట్టింది. సేకర్తలు దాన్ని 'ఆకుపచ్చ చెవి' అంటారు, దాని వల్ల ధర పడిపోతుంది. ఫైబర్‌గ్లాస్ కుర్చీల పై పొర అరిగి లోపలి పోగులు బయటికి తేలాయి. అట్ట ఇళ్లు మడతల దగ్గర చిరిగాయి. పాత బొమ్మను ఎదురుగా పెట్టుకుని గీసే చిత్రకారుడి ముందు రెండు దారులుంటాయి: 1959 పెట్టె మూత మీద ఉన్నట్టు దాన్ని మళ్లీ కొత్తది చేయడం, లేదా ఇప్పుడు బల్ల మీద ఉన్నట్టు గీయడం. మొదటి దారిలో వెళ్లినవారు మాటెల్ చిత్రకారులు అప్పటికే చక్కగా చేసి ఉంచిన పనినే మళ్లీ చేస్తారు. ఆ పెట్టెల మీది ఫ్యాషన్ రేఖాచిత్రాల చురుకుదనంతో పోటీపడి నెగ్గడం అంత సులభం కాదు. రెండో దారిలో మరక, అతుకు గీత, వెలిసిన పెదవి రంగు అన్నీ గీయవలసిన విషయాలవుతాయి. ఎన్నటికీ పాతబడదని అమ్మిన ప్లాస్టిక్ ఏ రకంగా పాతబడుతుందో చూపే అవకాశం అక్కడే ఉంది, అయినా మార్కెట్ కోరేది మొదటి రకం చిత్రాలనే కావడం వల్ల ఆ దారిలో గీస్తున్నవారు ఇంకా కొద్దిమందే.